నదిని నమ్ముకున్న చెట్టు – కాటన్‌వుడ్

పదో తరగతి వరకు ఇదే హాస్టల్‌లో ఉండి, తర్వాత ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుకున్నాం కాబట్టి, ఈ సంచికకు ఒక చెట్టు గురించి రాయమని పెద్దలు అడిగారు. వేప, రావి, మర్రి గురించి మీకు చాలా తెలుసు. అందుకే మన ప్రాంతంలో పెరగని చెట్టును ఎంచుకున్నాం. దాని పేరు కాటన్‌వుడ్. ఉత్తర అమెరికా ఖండంలో నదుల ఒడ్డున పెరిగే మహావృక్షం. ఈ చెట్టును మేము పుస్తకాల్లో, చిత్రాల్లో చూసి చదువుకున్నాం. అయినా దాని బతుకు గురించి చదువుతున్నప్పుడు మన హాస్టలే గుర్తుకొచ్చింది. ఎందుకో వ్యాసం చివర చెబుతాం. ముందు పాఠం.

పేరు ఎలా వచ్చింది?

కాటన్ అంటే దూది, వుడ్ అంటే కలప. ఈ చెట్టు కాయలు పగిలినప్పుడు తెల్లని దూది లాంటి నూగుతో విత్తనాలు గాలిలో తేలిపోతాయి. మన చేలగట్ల మీద జిల్లేడు కాయ పగిలినప్పుడు ఎగిరే గింజలను తలచుకోండి. అలాంటివే లక్షల్లో ఒకేసారి ఎగిరితే నేల మీద మంచు కురిసినట్టు కనిపిస్తుంది. ఆ దూదిని చూసే వలస వచ్చిన తెల్లవాళ్లు కాటన్‌వుడ్ అని పిలిచారు. అయితే మన పత్తి మొక్కకూ దీనికీ చుట్టరికం లేదు. పత్తి మాల్వేసీ కుటుంబానికి చెందితే, కాటన్‌వుడ్ సాలికేసీ కుటుంబానికి చెందుతుంది. దీని దూది పోగులు మరీ పొట్టివి. నూలు వడకడానికి పనికిరావు.

వర్గీకరణ

కాటన్‌వుడ్ పాపులస్ ప్రజాతిలోనిది. పాప్లర్, ఆస్పెన్ చెట్లు కూడా ఈ ప్రజాతిలోనివే. విల్లో చెట్లు ఇదే కుటుంబంలోని మరో ప్రజాతి. కాటన్‌వుడ్‌లలో ముఖ్యమైనవి మూడు:

1. తూర్పు కాటన్‌వుడ్ – పాపులస్ డెల్టాయిడిస్. అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాల నదుల వెంట ఉంటుంది. గడ్డి మైదానాల్లో పెరిగే దీని ఉపజాతిని మైదాన కాటన్‌వుడ్ అంటారు.

2. నల్ల కాటన్‌వుడ్ – పాపులస్ ట్రైకోకార్పా. పసిఫిక్ తీరం వైపు, అలాస్కా నుంచి కాలిఫోర్నియా వరకు ఉంటుంది.

3. ఫ్రెమాంట్ కాటన్‌వుడ్ – పాపులస్ ఫ్రెమోంటై. అరిజోనా, కాలిఫోర్నియా వంటి నైరుతి రాష్ట్రాల ఎండు ప్రాంతాల్లో ఏరుల వెంట పెరుగుతుంది.

వీటిలో తూర్పు కాటన్‌వుడ్ గురించే ఎక్కువగా తెలుసుకుందాం.

గుర్తించే లక్షణాలు

ఎత్తు: సాధారణంగా 20 నుంచి 40 మీటర్లు. ముదిరిన చెట్టు మాను వ్యాసం ఒకటిన్నర మీటరు దాటవచ్చు. ఇద్దరు మనుషులు చేతులు చాచినా కొన్ని మానులు కౌగిటికి అందవు.

బెరడు: లేత చెట్టుకు నున్నగా ఉంటుంది. ముదిరాక బూడిద రంగులో, లోతైన నెర్రెలతో మందంగా తయారవుతుంది.

ఆకు: అరచేయంత ఉంటుంది. త్రిభుజాకారం, అంచున రంపపు పళ్లు. గ్రీకు అక్షరం డెల్టా కూడా త్రిభుజమే. అందుకే డెల్టాయిడిస్ అన్న పేరు. నది సముద్రంలో కలిసే చోటును డెల్టా అనడం కూడా ఆ అక్షరం ఆకారం వల్లనే. సాంఘికశాస్త్రం, జీవశాస్త్రం ఒకే అక్షరం దగ్గర కలుసుకున్నాయి చూడండి.

ఆకు కాడ: మామూలు ఆకుల కాడలు గుండ్రంగా ఉంటాయి. దీని కాడ పక్కల నుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. అందుచేత చిన్న గాలికే ఆకులన్నీ గలగలలాడతాయి. రావి చెట్టు కింద పడుకున్న వాళ్లకు ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఊహకు అందుతుంది. వాన పడుతున్నట్టు వినిపిస్తుందని చెబుతారు.

ఆకురాల్పు: శరత్కాలంలో ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలిపోతాయి. చలికాలమంతా చెట్టు మోడుగా ఉంటుంది.

పెరుగుదల: ఉత్తర అమెరికాలో అతి వేగంగా పెరిగే చెట్లలో ఇది ఒకటి. మంచి నేల, సరిపడా నీరు ఉంటే ఏడాదికి రెండు మూడు మీటర్లు ఎదుగుతుంది. వేగంగా పెరిగే చెట్లకు సాధారణంగా ఆయుష్షు తక్కువ. ఇది కూడా 70 నుంచి 100 ఏళ్లు బతకడం మామూలు. అనుకూలమైన చోట అంతకంటే ఎక్కువే బతుకుతుంది.

పూత, విత్తనం

తాటి చెట్లలో పోతుతాడు వేరు, పెంటితాడు వేరు అని మీకు తెలుసు. అలా మగ పువ్వులు ఒక చెట్టుకు, ఆడ పువ్వులు ఇంకో చెట్టుకు వచ్చే మొక్కలను ఏకలింగాశ్రయులు అంటారు. కాటన్‌వుడ్ అలాంటిదే. వసంతంలో ఆకులు రాకముందే కొమ్మల నుంచి కంకులు వేలాడతాయి. ఈ కంకులను కాట్‌కిన్‌లు అంటారు. పరాగ సంపర్కం గాలి వల్ల జరుగుతుంది. అడ్డంగా ఆకులు లేనప్పుడే పూయడం వల్ల పుప్పొడి సులువుగా ప్రయాణిస్తుంది.

వేసవి మొదట్లో, అంటే చాలా చోట్ల జూన్ నెలలో, ఆడ చెట్ల కాయలు పగులుతాయి. ఒక పెద్ద చెట్టు ఒక్క ఏడాదిలో కోట్ల కొద్దీ విత్తనాలను వదలగలదు. గింజ ఒక్కొక్కటి ఆవగింజ కంటే చిన్నది. గాలి కొంత దూరం తీసుకుపోతుంది, ఏటి నీరు ఇంకొంత దూరం తీసుకుపోతుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. దూది ఎగిరే రోజుల్లో తుమ్ములు, జలుబు వస్తే జనం దూదిని తిడతారు. నిజానికి ఎలర్జీ కలిగించేది పుప్పొడి. దూది ఎగిరే రోజుల్లోనే గడ్డి జాతుల పుప్పొడి కూడా గాలిలో ఉంటుంది. కంటికి కనబడే దూది మీద నేరం పడుతుంది, కనబడని పుప్పొడి తప్పించుకుంటుంది. కొన్ని పట్టణాల్లో దూది బెడద పేరుతో ఆడ చెట్లను నాటవద్దని నిషేధించారు. పుప్పొడి వదిలేది మగ చెట్లన్న సంగతి ఆ తీర్పులో పక్కకు పోయింది.

మొలకకు నది పెట్టే పరీక్ష

పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే. జాగ్రత్తగా చదవండి.

కోట్ల గింజలు రాలితే కోట్ల చెట్లు రావాలి కదా? రావు. కారణాలు ఇవీ:

మొదటిది, గింజలో నిల్వ ఆహారం దాదాపు లేదు. చింతగింజను ఏళ్ల తరబడి దాచి మొలిపించవచ్చు. కాటన్‌వుడ్ గింజకు రాలిన తర్వాత ఒకటి రెండు వారాలే ప్రాణం. ఆ లోపల తడి నేల దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే మొలుస్తుంది. దొరకకపోతే చచ్చిపోతుంది.

రెండవది, నేల ఖాళీగా ఉండాలి. గడ్డి, పొదలు, వేరే చెట్ల నీడ ఉన్నచోట ఈ మొలక నెగ్గుకు రాలేదు. వరద వచ్చి కొత్త ఇసుక, ఒండ్రు పరిచిపోయిన ఒడ్డే దీనికి కావాలి. దాని మీద పూర్తి ఎండ పడాలి.

మూడవది, నీరు మెల్లగా తగ్గాలి. కొండల మీద మంచు కరిగి వసంతం చివర నది పొంగుతుంది. పొంగు తగ్గుముఖం పట్టే సమయానికే గింజలు రాలతాయి. తడి ఇసుక మీద మొలక లేస్తుంది. నది దిగుతున్న కొద్దీ ఇసుక లోపలి నీటిమట్టం కూడా దిగుతుంది. లేత వేరు ఆ తడిని వెంబడిస్తూ కిందికి పోవాలి. కేశనాళిక చర్య వల్ల ఇసుక కొంత తడిని పైకి లాగి ఉంచుతుంది కాబట్టి వేరుకు కాస్త వెసులుబాటు ఉంటుంది. అయినా నీరు రోజుకు సుమారు 2.5 సెంటీమీటర్ల కంటే వేగంగా దిగిపోతే వేరు అందుకోలేదు, మొలక ఎండిపోతుంది. జాన్ మహోనీ, స్టీవర్ట్ రూడ్ అనే కెనడా శాస్త్రవేత్తలు 1998లో ఈ లెక్కను ఒక నమూనాగా ప్రచురించారు. ఏ ఎత్తున, ఏ వారాల్లో గింజ పడితే బతుకుతుందో ఒక పెట్టె గీసినట్టు అందులో చూపించారు.

మరీ కింద పడిన గింజలను తర్వాతి వరద కొట్టుకుపోతుంది. మరీ పైన పడినవి ఎండిపోతాయి. ఈ షరతులన్నీ కలిసివచ్చే ఏడాది ప్రతి ఏటా రాదు. చాలా నదుల మీద 5 నుంచి 10 ఏళ్లకు ఒకసారి వస్తుంది. అందుకే ఒడ్డున చెట్లు ఒకే వయసు వాళ్ల వరుసల్లా కనబడతాయి. ప్రతి వరుసా ఒక మంచి వరద ఏడాదికి గుర్తు.

ఇంకో దారి కూడా ఉంది. వరదకు విరిగిన కొమ్మ తడి ఇసుకలో కూరుకుపోతే వేళ్లు వేస్తుంది, మనం మునగ కొమ్మ నాటినట్టే. కానీ అలా వచ్చేది తల్లి చెట్టుకు నకలు. కొత్త లక్షణాలు గల చెట్టు కావాలంటే గింజ మొలవాల్సిందే.

ఆనకట్టలు కట్టాక ఏమయింది?

20వ శతాబ్దంలో ఉత్తర అమెరికా నదుల మీద పెద్ద ఆనకట్టలు కట్టారు. కరెంటు వచ్చింది, పొలాలకు నీరు వచ్చింది, ఊళ్లకు వరద భయం తగ్గింది. ఆనకట్టల మేలు కాదనలేం. అయితే కింది ఒడ్డున ఒక మార్పు వచ్చింది.

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో సెయింట్ మేరీ నది మీద 1951లో ఆనకట్ట పూర్తయింది. సేద్యానికి నీరు మళ్లించడంతో వేసవిలో నది సన్నగిల్లింది. వసంతం పొంగు తర్వాత నీటిని ఒక్కసారిగా తగ్గించేవారు. తర్వాతి దశాబ్దాల్లో ఆనకట్ట కింద కాటన్‌వుడ్ అడవి చాలావరకు పోయింది. అమెరికాలో మిస్సోరి నది మీద గారిసన్ ఆనకట్ట 1953లో నదిని ఆపింది. దాని దిగువన నది ఒడ్లు కోసుకుని కొత్త ఇసుక మేటలు వేయడం తగ్గింది. ముసలి చెట్లు నిలబడి ఉన్నాయి, వాటి కింద పిల్ల చెట్లు లేవు. డబ్ల్యూ. కార్టర్ జాన్సన్ అనే శాస్త్రవేత్త బృందం 1976లోనే ఈ సంగతిని గుర్తించి రాసింది.

ఇక్కడ మోసపోయే విషయం ఒకటుంది. దూరం నుంచి చూస్తే అడవి నిండుగానే ఉంటుంది. ఏ చెట్టునూ ఎవరూ నరకలేదు. పూత వస్తూనే ఉంది, దూది ఎగురుతూనే ఉంది. మొలకలు మాత్రం నిలబడడం లేదు. ముసలి చెట్లు పోయిన తర్వాత గానీ లోటు తెలియదు.

తిరిగి మొలిచాయి

నెవాడా రాష్ట్రంలో ట్రకీ అనే నది ఉంది. అది పిరమిడ్ సరస్సులో కలుస్తుంది. ఆ సరస్సులో క్వీవీ అనే అరుదైన చేప ఉంది. గుడ్లు పెట్టడానికి అది నదిలోకి ఎదురెక్కాలి. ఆ చేప కోసం 1987లో ఆనకట్ట నుంచి వసంతకాలంలో ఎక్కువ నీరు వదిలారు. చేపల కోసం వదిలిన నీటికి ఒడ్డున కాటన్‌వుడ్, విల్లో మొలకలు లేచాయి. తర్వాతి ఏళ్లలో మొలకల కోసం కూడా లెక్క చూసి నీరు వదలడం మొదలుపెట్టారు. ఆల్బర్టాలోని ఓల్డ్‌మన్ నదికి 1995లో పెద్ద వరద వచ్చింది. ఆ తర్వాత నీటిని ఒక్కసారిగా ఆపేయకుండా మెట్టుమెట్టుగా తగ్గించారు. ఒడ్డున కొత్త మొలకలు విరివిగా వచ్చాయి.

ఈ రెండు చోట్లా ఆనకట్టను కూల్చలేదు. నీరు వదిలే సమయాన్ని, తగ్గించే వేగాన్ని మార్చారు.

జనజీవితంలో కాటన్‌వుడ్

చెట్లు అరుదైన గడ్డి మైదానాల్లో దూరం నుంచి కాటన్‌వుడ్ వరుస కనబడితే అక్కడ నీరుందని గుర్తు. నీడకూ, పొయ్యికీ అదే ఆధారం. లకోటా తెగవారి సూర్యనృత్యంలో నడుమ నిలిపే పవిత్ర స్తంభం కాటన్‌వుడ్ మానే. హోపీ తెగవారు దీని వేరును చెక్కి కచీనా బొమ్మలు చేస్తారు. పుయెబ్లో ప్రజలు మానును తొలిచి డోళ్లు చేస్తారు. లూయిస్, క్లార్క్ నాయకత్వంలోని అన్వేషకుల బృందం 1804–05 చలికాలం తలదాచుకున్న మాండన్ కోటను ఈ కలపతోనే కట్టుకుంది. వసంతం రాగానే ఈ మానులనే తొలిచి ఆరు పడవలు చేసుకుని ముందుకు సాగింది. కాన్సాస్ 1937లో, వయోమింగ్ 1947లో, నెబ్రాస్కా 1972లో కాటన్‌వుడ్‌ను తమ రాష్ట్ర వృక్షంగా ప్రకటించాయి.

కలప మెత్తనిది, తేలికైనది. పెట్టెలకు, ప్లైవుడ్‌కు, అగ్గిపుల్లలకు, కాగితపు గుజ్జుకు వాడతారు. నేలలో పాతితే త్వరగా కుళ్లుతుంది. బీవర్ అనే జంతువు దీని బెరడు తిని కొమ్మలతో గట్టు కట్టుకుంటుంది. బాల్డ్ ఈగిల్ అనే గద్ద పెద్ద కొమ్మల మీద గూడు పెడుతుంది.

విజ్ఞానశాస్త్రంలో కూడా దీనికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. జన్యుపటం మొత్తం చదివిన మొట్టమొదటి చెట్టు నల్ల కాటన్‌వుడ్. ఆ ఫలితం 2006లో వెలువడింది. అంతకుముందు ఆరబిడాప్సిస్ అనే చిన్న మొక్కదీ, వరిదీ చదివారు.

భారతదేశంలో

తూర్పు కాటన్‌వుడ్ 1950లలో మన దేశానికి వచ్చింది. ఇక్కడ దీన్ని పాప్లర్ అంటారు. పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ తెరాయి ప్రాంతాల్లో రైతులు పొలాల్లో వరుసలుగా నాటతారు. చలికాలంలో ఆకులు రాలిపోతాయి కాబట్టి కింద వేసిన గోధుమకు ఎండ తగులుతుంది. 6 నుంచి 8 ఏళ్లలో కోతకు వస్తుంది. హర్యానాలోని యమునానగర్ ప్లైవుడ్ మిల్లులకు ఇదే ముఖ్యమైన కలప. ఇది చలికాలం గట్టిగా ఉండే చోట్ల పెరిగే చెట్టు. అందుకే మన తెలుగు నేలలో రైతులు కాగితం మిల్లుల కోసం జామాయిల్, సుబాబుల్, సరుగుడు వేస్తారు.

మన బూరుగుతో పోలిక

ఆకు లేనప్పుడు పూసేది, దూది కాసేది, మెత్తని కలప ఇచ్చేది మనకూ ఉంది. అదే బూరుగు. శాస్త్రీయ నామం బొంబాక్స్ సీబా. తేడాలు గమనించండి. బూరుగు మాల్వేసీ కుటుంబానిది, అంటే పత్తికి చుట్టం. దాని మాను మీద ముళ్లుంటాయి. పెద్ద ఎర్రని పూలకు పక్షులు వస్తాయి, ఒకే పువ్వులో ఆడ మగ భాగాలు రెండూ ఉంటాయి. దూది దిండ్లకు వాడతాం. ఖండాలు వేరు, కుటుంబాలు వేరు. అయినా గింజను గాలికి ఎక్కించాలన్న అవసరం ఒకటే కాబట్టి ఉపాయం కూడా ఒకటే అయింది.

మనకు ఎందుకు ఈ పాఠం?

మా కుటుంబంలో డిగ్రీ పట్టా అందుకోవడం మాతోనే మొదలైంది. మాతోపాటు ఈ హాస్టల్ నుంచి పదో తరగతి పరీక్ష రాసిన వాళ్లలో లెక్కల్లో మాకంటే గట్టివాళ్లున్నారు. ఆ జూన్‌లో వాళ్లు మేస్త్రీ వెంట పట్నం పనులకు వెళ్లారు. తెలివి తక్కువై కాదు, మనసు లేకా కాదు. ఏప్రిల్‌లో చివరి పరీక్ష రాసి పెట్టె సర్దుకున్న రోజు నుంచే హాస్టల్ అన్నం ఆగిపోతుంది. రాత్రి చదువుకునే లైటు, పుస్తకాలు, లేపి కూర్చోబెట్టే వార్డెన్ సారు – అన్నీ ఒకే రోజున ఆగిపోతాయి. తర్వాతి హాస్టల్‌లో సీటు, స్కాలర్‌షిప్ అందేసరికి నెలలు పడుతుంది. నీరు ఒక్కసారిగా దిగిపోవడమంటే ఇదే. వేరు తడిని అందుకునేదాకా ఎవరో ఒకరు చూడాలి.

మా విషయంలో చూసినవాళ్లున్నారు. ఒక సీనియర్ అన్న టీసీ, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని మీ సేవ కేంద్రానికి వెంట వచ్చారు. దరఖాస్తు గడువు ఆయనే గుర్తుచేశారు. మొదటి నెల బస్సు ఖర్చు ఇచ్చారు. ఆ మొత్తం పెద్దదేమీ కాదు, కానీ సమయానికి అందింది.

కాబట్టి పూర్వ విద్యార్థులకు మా మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు కుర్చీలు, ఫ్యాన్లు ఇస్తున్నారు, సంతోషం. దాంతోపాటు పదో తరగతి తమ్ముళ్లలో ఇద్దరి పేర్లు రాసుకుని వెళ్లండి. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు, వారానికి ఒక ఫోన్. ధ్రువపత్రాలు తీసుకున్నాడా, ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టాడు, హాస్టల్ సీటు వచ్చిందా, బ్యాంకు ఖాతా పనిచేస్తోందా – ఈ నాలుగు ప్రశ్నలు చాలు.

తమ్ముళ్లకు కూడా ఒక మాట. పరీక్షలు అయ్యేలోపలే మీ ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోండి. గడువులు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. సాయం అడగడానికి మొహమాటపడవద్దు.

మీ కోసం ప్రశ్నలు

1. కాటన్‌వుడ్ పత్తికి చుట్టమా? ఏ కుటుంబానికి చెందుతుంది?
2. ఏకలింగాశ్రయి అంటే ఏమిటి? మన ఊళ్లో కనబడే ఒక ఉదాహరణ ఇవ్వండి.
3. కాటన్‌వుడ్ ఆకులు చిన్న గాలికే ఎందుకు కదులుతాయి?
4. మొలక బతకడానికి నీటిమట్టం రోజుకు ఎంతకు మించి తగ్గకూడదు?
5. ఆనకట్ట కింద చెట్లను నరకకపోయినా అడవి ఎందుకు అంతరిస్తుంది?
6. ఉత్తర భారత రైతులు పాప్లర్ కింద గోధుమ ఎలా పండించగలుగుతున్నారు?

ఆరూ రాసినవాళ్లు మీ సైన్సు సారుకు చూపించండి.

– ఒక పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం